పెళ్ళికూతురి మొహం ఎవరూ చూడలేదు

తెలుగు సినిమా దర్శకులకు, ముఖ్యంగా ‘కన్యాశుల్కం’ మళ్ళీ తీయాలన్న కోరిక మనసులో ఏ మూలనో దాచుకున్నవారికి, అండమాన్‌లోని శ్రీ విజయపురం నుంచి ఒక బహిరంగ లేఖ.



1892లో రెండు నాటకాలు మొదటిసారి రంగం ఎక్కాయి. ఒకటి ఇంగ్లండులో బ్రాండన్ థామస్ రాసిన ‘చార్లీస్ ఆంట్’. రెండోది విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ఆడిన గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. అయినా రెండింటిలోనూ ఒక కుర్రాడు ఆడవేషం కట్టుకుని పదిమందిలోకి వస్తాడు. రెండింటిలోనూ వయసు మళ్ళిన పెద్దమనుషులు ఆ వేషాన్ని నమ్మి అభాసుపాలవుతారు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళకు కావలసింది చిన్న సాయం: తాము ప్రేమించిన అమ్మాయిలను భోజనానికి పిలవాలంటే గదిలో ఒక పెద్దావిడ ఉండాలి, అంతే. ఇక్కడ కావలసింది ఒక పసిపిల్ల ప్రాణం.

ఇంగ్లీషు నాటకం లండన్‌లో ఏకబిగిన 1,466 ప్రదర్శనలు ఆడింది. మూకీల కాలంలోనే, 1925లో, చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్‌తో సినిమా అయింది. 1941లో జాక్ బెన్నీతో మళ్ళీ అయింది. ‘కన్యాశుల్కం’ అంటే మాత్రం తెలుగు ప్రేక్షకుడికి పెద్ద తెర మీద గుర్తొచ్చేది ఒక్కటే, వినోదా వారి కోసం పి. పుల్లయ్య తీసిన 1955 నాటి చిత్రం. డెబ్బై ఏళ్ళు దాటిపోయాయి. మరొకరు ఎందుకు ముట్టుకోలేదని అడిగితే వచ్చే జవాబులు తెలిసినవే. నాటకం మరీ పొడుగు, భాష పాతది, ఆ దురాచారం ఇప్పుడు లేదు. వీటి వెనక పైకి చెప్పని భయం ఇంకొకటి ఉందని ఈ లేఖ అనుమానం: మగపిల్లాడికి చీర కట్టి ముసలాడికి పెళ్ళి చేస్తే, దగ్గరగా చూపించే కెమెరా ముందు ఎవరు నమ్ముతారు?

ఈ మాట సముద్రం అవతలి నుంచి రావడానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల జనం 3,80,581. అందులో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారే. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఉన్నాయి. వేటకూ, కట్టడం పనులకూ, సర్కారు ఉద్యోగాలకూ విశాఖ రేవులో ఓడెక్కి రెండు రోజులకు పైగా ప్రయాణం చేసి వచ్చినవారు. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో, రామప్పంతులు వీధిలో వినిపించే ఆ ఉత్తరాంధ్ర పలుకుబడి జంగ్లీఘాట్ చేపల బజారులో ఇప్పటికీ చెవిన పడుతుంది. పిల్లలు బడిలో, వీధిలో హిందీ మాట్లాడతారు, ఇంటికొచ్చాక అమ్మమ్మతో వేరే యాస. పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమైంది. వేషం మార్చడమంటే ఏమిటో ద్వీపవాసులకు వేరే చెప్పనక్కర్లేదు లెండి.

ఇక అసలు విషయం.

రంగస్థలం మీద వేషానికి దూరం కాపలా కాసేది. స్థానం నరసింహారావు సత్యభామగా జడ పట్టుకుని వచ్చి నిలబడితే ప్రేక్షకుడికి ఆయన మగవాడని తెలియక కాదు, తెలిసే చప్పట్లు కొట్టాడు. తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో ఆయన నడక చూసి ఆడవాళ్ళు నడక నేర్చుకున్నారన్న మాట ఎంత నిజమో గానీ, ఆ మాట పుట్టేంత నమ్మకం మాత్రం నిజం. ఆయన ‘కన్యాశుల్కం’లోని వేశ్య మధురవాణి పాత్ర కూడా వేశారు. చివరి అంకంలో మధురవాణి మగవేషం కట్టుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. అంటే రంగం మీద ఒక మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్ళీ మగవాడైంది. షేక్‌స్పియర్ కాలంలో వయొలా, రోజలిండ్ పాత్రలు వేసిన కుర్రాళ్ళదీ ఇదే పద్ధతి. ఇంగ్లండులో 1660 దాకా ఆడవాళ్ళు వృత్తి రంగస్థలం ఎక్కలేదు. మన దగ్గర సురభి కుటుంబాలు 1885లో మొదలై ఆడవాళ్ళ చేతనే ఆడవేషాలు వేయించడం ఆనాటికి పెద్ద విశేషం.

కెమెరా వచ్చాక ఆ దూరం పోయింది. గడ్డం గీసిన ఆనవాలు, గొంతు ముడి, మణికట్టు ఎముక అన్నీ పట్టిచ్చేస్తాయి. బిల్లీ వైల్డర్ 1959 నాటి ‘సమ్ లైక్ ఇట్ హాట్’ తీస్తున్నప్పుడు టోనీ కర్టిస్, జాక్ లెమన్‌ల ఆడవేషపు మేకప్ రంగుల ఫిల్ము మీద ఆకుపచ్చగా కనిపించింది. అందుకే ఆ సినిమా నలుపు తెలుపుల్లోనే ఉండిపోయింది. ట్రెవర్ నన్ 1996లో ‘ట్వెల్ఫ్త్ నైట్’ తీసినప్పుడు దాచే పని పెట్టుకోలేదు. ఓడ మునిగి ఒడ్డుకు చేరిన వయొలా జుట్టు కత్తిరించుకోవడం, రొమ్ము బిగించి కట్టుకోవడం, మీసం అతికించుకోవడం అన్నీ ముందే చూపించేశాడు. వేషం తయారీలో ప్రేక్షకుడిని భాగస్తుణ్ణి చేస్తే, తర్వాత వచ్చే అనుమానాలు మనవి కావు, పాత్రలవి.

తెలుగులో ఈ చిక్కును అందరికంటే తెలివిగా విప్పినవాడు కె.వి. రెడ్డి. అదీ మన నాటక సమాజాలు ఏళ్ళ తరబడి ఆడిన కథతోనే. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. జానపదుల నోటా, తోలుబొమ్మల్లో, సురభి తెరల మధ్యా పెరిగింది. 1957 మార్చిలో విజయా వారి ‘మాయాబజార్’ వచ్చేనాటికి ప్రేక్షకుడికి కథలో తెలియని మలుపంటూ లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి లక్ష్మణ కుమారుడితో పెళ్ళిపీటల మీద కూర్చుంటాడని అందరికీ తెలుసు. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు చేసిన పని ఘటోత్కచుడు వేసిన ఎస్.వి. రంగారావుకు చీర కట్టకపోవడం. శశిరేఖ వేసిన సావిత్రి చేతనే మాయా శశిరేఖ వేషమూ వేయించారు. ఆడమనిషి రూపంలో ఉన్న రాక్షసుడిగా ఒక ఆడమనిషి నటించింది. మొహంలో తేడా లేదు గనక కెమెరా ఎంత దగ్గరికి వచ్చినా పట్టుకునేది ఏమీ లేదు. వేషమంతా నడకలోకి, కనుబొమల్లోకి, మరిచిపోయి కాలు దన్నుగా వేసి మళ్ళీ సర్దుకోవడంలోకి వెళ్ళిపోయింది. ఆ పెళ్ళిపాటలో పి. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. చెవికి రాక్షసుడు, కంటికి పెళ్ళికూతురు. రంగస్థలం చేయలేని పని అది, సినిమా మాత్రమే చేయగలదు. ఎదురుగా రేలంగి కంగారు చూస్తూ ప్రేక్షకుడు లోపలి రహస్యం తెలిసినవాడి దర్జాతో నవ్వుతాడు.

ఆ సినిమాలో పాండవులే కనిపించరన్న సంగతి చాలామంది గమనించరు. మారువేషపు కథకు అక్కర్లేనిదాన్ని ఎంత పెద్దదైనా తీసేసే ధైర్యం అది. ఆ సినిమాకే పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1994లో రాజేంద్రప్రసాద్‌కు చీర కట్టి ‘మేడమ్’ తీశారు. గురువు వద్దన్న దారిలోనే శిష్యుడు నడిచి చూశాడన్నమాట. 1962 నాటి ‘గుండమ్మ కథ’ను కూడా ఇక్కడ తలుచుకోవాలి. జమీందారు కొడుకు అంజిగాడనే పనివాడై గుండమ్మ ఇంట్లో రుబ్బురోలు ముందు కూర్చుంటాడు. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ వాసన, కన్నడ ‘మనె తుంబిద హెణ్ణు’ కథ కలిసి పూర్తిగా తెలుగు పెరటిదైపోయింది. చొక్కా మార్చుకున్నంత మాత్రాన ఎన్టీ రామారావును ఎవరూ గుర్తుపట్టరా అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. గుండమ్మ పనివాడి మొహం చూసే మనిషి కాదు. అతను ఎంత చాకిరీ చేస్తాడన్నదే చూస్తుంది.

సరిగ్గా అక్కడే ‘కన్యాశుల్కం’ తాళంచెవి ఉంది.

కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమె తోబుట్టువు కరటకశాస్త్రి నాటకాలాడే మనిషి. శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం కట్టి, తాను గుంటూరు శాస్త్రినని చెప్పుకుని, సుబ్బి కంటే చవగ్గా వచ్చే పిల్లగా లుబ్ధావధాన్లు ముందు పెడతాడు. మధురవాణి లోపాయికారీగా సాయపడుతుంది. బేరం కుదురుతుంది, పెళ్ళవుతుంది, పెళ్ళికూతురు మాయమవుతుంది. చివరకు ముసలాయన మీద హత్యానేరం పడుతుంది.

మహేశాన్ని చూసి ఎవరైనా ఎందుకు మోసపోయారు? వేషం బాగా కుదిరిందని కాదు. ఆ బజారులో పిల్ల మొహం చూసే ఆచారం లేదు. వయసెంత, జాతకం కలిసిందా, రూపాయలెన్ని, బ్రోకరుకెంత, ఇవే చూస్తారు. ఈ మాట కల్పన కాదనడానికి గురజాడ తన ఇంగ్లీషు పీఠికలోనే లెక్కలిచ్చారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి చొరవతో విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల జాబితా వేయిస్తే 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పిల్లలు 3. ఏడాది పిల్ల మొహం చూసి ఎవరు పెళ్ళాడతారు? పొత్తిళ్ళలోని పిల్లను కొనేవాడికి చీరలోని కుర్రాడు తేడాగా కనిపించడు.

కాబట్టి, దర్శకులారా, మహేశాన్ని అచ్చమైన ఆడపిల్లగా చూపించడానికి మేకప్ వాళ్ళను బొంబాయి నుంచి రప్పించకండి. కుర్రాడు కుర్రాడిలాగే కనిపించాలి. చీర కొంచెం ఎత్తుగా ఉండాలి. ప్రేక్షకుడు మొదటి క్షణంలోనే పోల్చుకోవాలి. పెళ్ళి జరిగినంతసేపూ లుబ్ధావధాన్లు, బేరం కుదిర్చిన రామప్పంతులు, పురోహితులు, వచ్చినవాళ్ళు పిల్ల మీదకు చూపు పోనివ్వకుండా ఉండాలి. వాళ్ళ కళ్ళు సంచి మీద, కంటె మీద, విస్తరి మీద తిరగాలి. మహేశం మాత్రం అందరి మొహాలూ చూస్తుండాలి. కెమెరా ఎవరి కంటితో చూడాలో అప్పుడు దానంతట అదే తేలుతుంది. కె.వి. రెడ్డి మొహాన్ని మార్చకుండా నడకను మార్చాడు. మీరు మొహాన్నీ నడకనూ వదిలి, చూసేవాళ్ళ చూపును పట్టుకోండి.

మహేశం పాత్రకు నిజమైన పిల్లవాణ్ణే తీసుకోవాలి. పాతికేళ్ళవాడికి నున్నగా గీయించి చీర కడితే కథ మీద నీచమైన నవ్వు వస్తుంది, అంతకు మించి రాదు. బాలనటులను రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదని 2017 నిబంధనలు చెబుతున్నాయి. పెళ్ళి ఘట్టాన్ని వారం రోజులకు పంచుకోండి. ముసలాయనతో గదిలో ఒంటరిగా ఉండే దృశ్యం అసలు వద్దు, గురజాడకూ దాని అవసరం పడలేదు. భయపడి ఇంట్లోంచి పారిపోవాల్సింది పిల్ల కాదని, గదిలో ఉన్నది ‘పెళ్ళాం’ వేషంలోని దెయ్యమేమోనని వణికేది ముసలాయనేనని ఆయన ఎప్పుడో తిరగేసి రాశాడు. దెయ్యాలు పట్టే పూజారి గవరయ్యను దింపండి, ఆ ఘట్టం దానికదే నడుస్తుంది.

1955 సినిమాను తక్కువ చేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు, సి.ఎస్.ఆర్. రామప్పంతులు, విన్నకోట రామన్న పంతులు అగ్నిహోత్రావధాన్లు, గుమ్మడి సౌజన్యారావు, ఎన్టీ రామారావు గిరీశం. ఒక్కొక్కరూ ఒక్కో పాఠం. అయితే పుల్లయ్య గారు నవ్వు చాలదేమోనని జంకారు. గురజాడదే అయినా వేరే రచన అయిన పూర్ణమ్మ కథను, ముసలి మొగుడికి అమ్ముడుపోయి నీళ్ళపాలైన పిల్ల కథను, తెచ్చి సినిమాలో కలిపారు. పాట గుండె పిండేస్తుంది, ఎవరూ కాదనరు. కానీ నాటకంలో వెంకమ్మ దూకిన నుయ్యి అప్పటికే ఉంది. ఆ నూతి గట్టు మీదే నవ్వడం గురజాడ పద్ధతి. పక్కన మరో చెరువు తవ్వితే నవ్వేవాడు కాస్త పక్కకు జరిగి కూర్చుంటాడు.

అదే సావిత్రి 1955లో మధురవాణి, 1957లో మాయా శశిరేఖ. ఒక పాత్ర బేరం సాగడానికి వేషం వెనక నిలబడి చేయి కలిపింది. మరో పాత్ర తానే వేషం. మధురవాణి చివరి అంకాన్ని తీసేటప్పుడు ఈ రెండింటినీ ఒకేసారి చూడాలని విన్నపం. సౌజన్యారావు వేశ్యల మొహం చూడనని పట్టుపట్టిన సంస్కర్త. ఆ పట్టు మూలానే ఎదుట కూర్చున్న మగవేషాన్ని ఆయన సరిగా చూడలేదు. లుబ్ధావధాన్లు కళ్ళను ఆశ మూసింది, సౌజన్యారావు కళ్ళను నియమం మూసింది. గురజాడ ఇద్దరినీ ఒకే దెబ్బకు కొట్టాడు. మధురవాణి తలపాగా తీసిన తర్వాత ఆయన మొహం మీద నిలిచే షాట్ సినిమాకు ఆయువుపట్టు. అక్కడ సంగీతం పెట్టకండి. ముద్దు అడగడం, ఆయన ఒప్పుకోవడం, ఆమె వద్దనడం, భగవద్గీత చేతికి రావడం, అంతా నటుల మీద వదిలేయండి. అది ప్రేమకథ కాదనే పండితులున్నారు. ఈ లేఖ దృష్టిలో నాటకంలోని ప్రేమ అదొక్కటే. గిరీశం అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మతో ఆడినది కాదు.

ఈ ద్వీపం నుంచి చదివితే నాటకంలో మరో నీడ కనిపిస్తుంది. శిక్షాస్మృతిలో హత్యకు ఆనాడు రెండే శిక్షలు: ఉరి, లేదా యావజ్జీవ ద్వీపాంతరం. మద్రాసు రాజధాని నుంచి ద్వీపాంతరం వెళ్ళేవాళ్ళు దిగేది ఈ ఊరి రేవులోనే. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది, మార్చి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. గురజాడ లుబ్ధావధాన్లుకు ఉరి భయం పెట్టి నవ్వించే రోజుల్లో ఇక్కడ ఇటుక మీద ఇటుక పేరుస్తున్నారు. ఆ కాలపు విశాఖలో కోర్టుకెక్కిన ప్రతి ముసలాయనకూ నల్లనీళ్ళంటే వణుకు. సముద్రం దాటితే కులం పోతుంది, కర్మకాండ చేసేవాడు ఉండడు. సినిమాలో ఈ భయం ఒక్క వాక్యంగానైనా పడితే హత్యకేసు కేవలం చిక్కుముడిలా మిగలదు. మధురవాణి ఒక ముసలి లోభిని దేని నుంచి తప్పించిందో ప్రేక్షకుడికి తెలుస్తుంది.

ఇంకొక విచిత్రం. అగ్రహారంలో పిల్ల ధర కడుతున్న ఆ ఏళ్ళలోనే, ఈ రేవులో కొంతకాలం శిక్ష అనుభవించి సొంతంగా బతకడానికి అనుమతి దొరికిన మగ ఖైదీలకు ఆడ ఖైదీలతో పెళ్ళిళ్ళు చేసే ఏర్పాటు ఉండేది. అధికారులు అనుమతించేవారు, ఆడవాళ్ళ ఇష్టం కూడా అడిగేవారు. వాళ్ళ పిల్లల పిల్లలే నేటి ‘లోకల్ బార్న్’ కుటుంబాలు. కులాల కట్టుబాటు చాలా మటుకు సడలిపోయింది. ఖైదీల పెళ్ళిని పొగడనక్కర్లేదు. దాని వెనక వలసపాలన లెక్కలున్నాయి, ఆ ఆడవాళ్ళకు వేరే దారులు తక్కువ. అయినా లుబ్ధావధాన్లు ఏ ఊరికి పంపుతారేమోనని వణికాడో, ఆ ఊళ్ళోనే పెళ్ళికూతురిని నీకు ఇష్టమేనా అని అడిగే పద్ధతి ఉండడం ఎవరైనా రచయిత ఊహించి పెడితే అతిగా రాశాడంటారు.

కథను మార్చి ఇప్పటి కాలానికి తేవాలా? ప్రలోభం సహజం. కుర్రాడిని అమ్మాయిగా చూపే ఫోన్ ఫొటోలు, పెళ్ళిసంబంధాల యాప్‌లు, కట్నం గుప్తంగా నడిచే బేరాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కన్యాశుల్కం తిరగబడి వరకట్నమైంది, బేరం మాత్రం ఉంది. కానీ ఆ దారిలో మధురవాణి పోతుంది, సౌజన్యారావు పట్టుదల పోతుంది. పాత కాలంలోనే ఉంచి, నిడివి మీద కత్తి పెట్టండి. పూర్తిగా ఆడితే రాత్రంతా పట్టే నాటకం అది. జె.వి. రమణమూర్తి, జె.వి. సోమయాజులు అన్నదమ్ములు దాన్ని ఒక సాయంత్రానికి కుదించి ఊరూరా ఆడి, దశాబ్దాల పాటు బతికించారు. వాళ్ళు ఎక్కడ కోశారో ముందు చూడండి.

యాసను మాత్రం ముట్టుకోవద్దు. హైదరాబాదు డబ్బింగ్ గదిలో అందరినీ ఒకే తెలుగులోకి దించే అలవాటు ఉంది. విజయనగరం మాటను విజయనగరం వాళ్ళ చేత చెప్పించండి. చాలకపోతే విశాఖ రేవులో ఓడెక్కి ఇటు రండి. సినిమా యూనిట్లు ఈ ద్వీపాలకు సాధారణంగా తెల్లటి ఇసుక కోసం, సెల్యులర్ జైలు వసారాల కోసం వస్తాయి. ప్రియదర్శన్ ‘కాలాపానీ’ 1996లో వచ్చింది అలాగే. స్క్రిప్టు పట్టుకుని వచ్చినవారు తక్కువ. ఉగాదికి తెలుగువాళ్ళంతా ఒకచోట చేరినప్పుడు మొదటి ప్రతిని పైకి చదవండి. లుబ్ధావధాన్లు నౌకరు అసిరిగాడి డైలాగు దగ్గర ముందు వరసలోని ముసలమ్మలు నవ్వకపోతే, ఆ డైలాగును తిరిగి రాయించుకుని వెళ్ళండి.

ఇట్లు
శ్రీ విజయపురం నుంచి ఒక తెలుగు ప్రేక్షకుడు